లేని భాషకు రంగుల పేర్లు

పచ్చచీర యనగా ఏ రంగు చీర? ఈ ప్రశ్న మిమ్ములను అడిగినచో మీలో కొందఱు పసుపు రంగు చీర యందురు, కొందఱు ఆకు రంగు చీర యందురు. ఇరువురును తెలుగు తప్పినవారు కారు. అయితే ఈ చిన్న సందేహము మూలమున హైదరాబాదులోని ఫిలిం నగరమందు ఒక పెండ్లికూతురు మెడ మొదలు పాదముల వఱకు మాయమైపోయినది. ఆ తప్పు నాది. అది ఎట్లు జరిగినదో చెప్పి, దానివలన రంగుల పేర్లను గుఱించి నేను తెలిసికొన్న సంగతులను మీకు మనవి చేసెదను.

హైదరాబాదు నగరమునకు పడమటి వైపున జూబిలీ హిల్సు అను గుట్టలు కలవు. ఒకదానిపై నొకటి పేర్చినట్లు నిలిచిన బండలు, బండల నడుమ మేడలు, మేడల నడుమ స్టూడియోలు. మదరాసులో పెరిగిన తెలుగు సినిమా పరిశ్రమ కొంచెము కొంచెముగా ఇచ్చటికి తరలివచ్చినది. అక్కినేని నాగేశ్వరరావుగారి అన్నపూర్ణా స్టూడియో, రామానాయుడుగారి స్టూడియో, నటులు కృష్ణగారి పద్మాలయా స్టూడియో ఈ గుట్టల చుట్టుపట్లనే వెలసినవి. అచ్చట కోటలను, అడవులను, స్వర్గనరకములను తయారు చేయుదురని అందఱెఱిగినదే. భాషలను గూడ తయారు చేయుదురని విన్నప్పుడు నాకు మొదట నవ్వు వచ్చినది.

నవ్వవలసిన పని లేదు. 1957లో వచ్చిన మాయాబజారు చిత్రమునకు మాటలు వ్రాసిన పింగళి నాగేంద్రరావుగారు అస్మదీయులకు జోడుగా తస్మదీయులను, కంబళికి జోడుగా గింబళిని పుట్టించి యుండలేదా? ఆ మాటలు నేటికిని మన నోళ్లలో నున్నవి. అవి తెలుగులో చేర్చిన కొత్త మాటలు మాత్రమే. 2015లో వచ్చిన బాహుబలి చిత్రముతో పని ఇంకొక మెట్టు పైకెక్కినది. దర్శకులు రాజమౌళిగారికి ఆ కథలోని కాలకేయులను క్రూరజాతి కొఱకు, లోకములో ఎవరికిని తెలియని భాష కావలసివచ్చినది. తమిళ గేయకర్త మదన్ కార్కిగారు దానిని నిర్మించిరి, పేరు కిలికి. సుమారు 750 మాటలు, 40 వ్యాకరణ సూత్రములు అందుకై ఏర్పఱచినట్లు ప్రకటింపబడినది. అందులో 'మిన్' అనగా నేను. దానిని తిరుగవేసి 'నిమ్' అన్నచో నీవు. కాలకేయ నాయకుడుగా ప్రభాకర్‌గారు ఆ భాషలో గర్జించినప్పుడు, ఒక్క మాటకైనను అర్థము తెలియకయే జనులు భయపడిరి. తరువాత 2020 ఫిబ్రవరి 21వ తేదీన, మాతృభాషా దినమున, ఆ భాషను ఎవరైనను నేర్చుకొనుటకు వీలుగా లిపితో సహా లోకమునకు వెల్లడించిరి.

కిలికి పేరు మ్రోగిన పిమ్మట ఇతరులకును అట్టి కోరిక పుట్టుట సహజము. ఒక చిన్న చిత్రబృందమువారు, తెలుగు పంతులుగా పనిచేసి విరమించిన నన్ను పిలిచి, తమ కథలోని అడవిజాతికి రెండువందల మాటలు చేసి పెట్టుమనిరి. ఒక కాగితమిచ్చిరి. ఎడమవైపున తెలుగు మాటలు, కుడివైపున ఖాళీ. తల్లి, నీరు, నిప్పు, బాణము, ఇట్లు పోగా నడుమ పదునొకండు రంగులు: తెలుపు, నలుపు, ఎఱుపు, పచ్చ, నీలము, పసుపు, గోధుమ, ఊదా, గులాబి, నారింజ, బూడిద. నేను రెండు దినములలో ఖాళీలన్నియు నింపితిని. ఎదుటివైపు మాట ఏదైన నేమి, చెవికి వింతగా నుండిన చాలునని నా లెక్క.

ఇక పెండ్లికూతురి సంగతి. ఆ దృశ్యమునకు నేను వ్రాసిన సూచనలో వధువునకు పచ్చబట్ట చుట్టవలెనని యుండెను. పసుపునీట ముంచిన బట్ట యని నా భావము; మా యింట పెండ్లిబట్టలను అట్లే అందురు. సినిమాలో అడవిని అడవికి పోయి తీయుట ఇప్పుడు తగ్గినది. గదిలో ఆకుపచ్చని పెద్ద గుడ్డను వెనుక కట్టి, దాని ముందు నటులను నిలిపి చిత్రించి, పిమ్మట కంప్యూటరు చేత ఆ ఆకుపచ్చ యున్న చోటులన్నిటను చెట్లను, కొండలను నింపుదురు. యంత్రమునకు గుడ్డయు మనిషియు భేదము తెలియదు, రంగొక్కటే తెలియును. నా పచ్చబట్టను చదివినవారు ఆకుపచ్చ బట్ట తెప్పించిరి. పరీక్ష చేసి చూచినప్పుడు తెరమీద వధువు మొగము, రెండు చేతులు గాలిలో నుండెను. తక్కిన దేహమున్న చోట చెట్లు, తీగలు. అందఱును నవ్విరి. దుస్తుల పని చూచు పెద్దాయన మాత్రము నవ్వలేదు. "ఏ పచ్చో చెప్పకుండా పచ్చ అంటే ఎలాగండీ పంతులుగారూ? మా దగ్గర చిలకపచ్చ ఉంది, ఆకుపచ్చ ఉంది, పసుపుపచ్చ ఉంది. వట్టి పచ్చ లేదు" అనెను.

ఆ మాట నన్ను వారము దినములు నిద్రపోనీయలేదు. నా మాతృభాషలోనే పచ్చ యనగా ఏమో తెలియని నేను, లేని భాషకు పదునొకండు రంగులు పంచిపెట్టితినే!

పెద్దలారా, వెలుగులో రంగుల మధ్య గట్లు లేవు. ఇంద్రధనుస్సును చూడుడు: ఎఱుపు ఎచ్చట ముగిసి పసుపు ఎచ్చట మొదలైనదో వ్రేలు పెట్టి చూపలేము. అది గట్లు లేని పొలము. గట్లు వేయునది భాష. ఒక్కొక జాతి తన యవసరమును బట్టి వేసికొనును. మన తెలుగు పూర్వులు వేసికొన్న గట్లను పాత మాటలలో వెదకిన కనబడును. వెన్నెల, వెండి, వెల్ల, వెలుగు, వీనిలో తెలుపు మూలము కలదు. కారుచీకటి, కారుమబ్బు, కఱ్ఱియావు, వీనిలో నలుపు. కెంపు, కెందామర, చెంగలువ, వీనిలో ఎఱుపు. పసుపు, పసిడి, పసరు, పచ్చిక, పచ్చ, వీనిలో మన వధువును మ్రింగిన రంగు. పసుపుకొమ్మును పసరికయు ఒక్క గట్టులోని పైరులే. జబ్బుచేసి కన్ను పసుపైనచో పచ్చకామెర్లు అందుము. పైరు ఆకుపచ్చగా నున్నచో పచ్చని చేను అందుము. రెండింటికి ఒకే పచ్చ.

నీలమో? అది సంస్కృతము నుండి వచ్చిన మాట. నీలోత్పలమును మనవారు నల్లకలువ యనిరి. శ్రీకృష్ణుని నల్లనివాడనిరి. సినిమా తెరమీదను, పటములందును మాత్రమే ఆయన నీలముగా నుండును. నల్ల యనునది మనకు బొగ్గును, లోతునీటిని, కలువను, కృష్ణుని కలిపి పట్టుకొన్న పెద్దమాట. ఇది మన కొఱత యని కొందఱు తలంచెదరు. ఇంగ్లండులో మంత్రిగా నుండిన గ్లాడ్‌స్టన్ దొరగారును 1858లో గ్రీకు కవి హోమరు కావ్యములను శోధించి, నీలమను మాట కానరాకుండుట చూచి, పూర్వపు గ్రీకులకు రంగులు గ్రహించుశక్తి ఇంకను పండలేదని వ్రాసిరి. అది పొరపాటని తరువాతివారు తేల్చిరి. కన్ను అందఱకు నొకటే. పేరు పెట్టుటలోనే భేదము. జపానువారికి 'ఆఓ' అను మాట నీలమునకును, వీధిదీపములోని ఆకుపచ్చకును చెల్లుచున్నది. వారు గుడ్డివారై వీధి దాటుట లేదు గదా!

1969లో అమెరికాలో బెర్లిన్, కే అను ఇద్దఱు పండితులు 98 భాషలను పరిశీలించి యొక సంగతి చెప్పిరి. రెండే రంగుల మాటలున్న భాషలో అవి వెలుగు, చీకటి. మూడవది వచ్చినచో అది ఎఱుపు. పిమ్మట ఆకుపచ్చయో పసుపో. తరువాత మిగిలిన రెండవది. అటుపై నీలము, ఆపైన గోధుమ. ఊదా, గులాబి, నారింజ, బూడిద చివర. ఈ వరుసకు ఎదురుమాటలు చాల వచ్చినవి; వారే దానిని తరువాత సవరించుకొనిరి; వ్రాతలేని 110 భాషలలో 330 రంగుబిళ్లలు చూపి మరల పరీక్షించిరి. అయినను మోటుగా చూచినచో వరుస నిలుచుచున్నదనియే నా యభిప్రాయము. నా కాగితములోని పదునొకండు రంగులు ఆ వరుసలోని పదునొకండే. అనగా ఎవరో ఇంగ్లీషు పట్టికను తెలుగు చేసి నాకిచ్చిరి. తెలుగులోనే గోధుమ, నారింజ, గులాబి, బూడిద యనునవి రంగుల పేర్లు కావు, వస్తువుల పేర్లు. గోధుమ పండని అడవిలో గోధుమరంగు ఎక్కడిది?

మన శాస్త్రములలో నింకొక లెక్క కలదు. తెలుగువారైన అన్నంభట్టుగారు పదునేడవ శతాబ్దమున రచించిన తర్కసంగ్రహములో రూపము ఏడు విధములు: శుక్లము, నీలము, పీతము, రక్తము, హరితము, కపిశము, చిత్రము. ఇందు నలుపునకు వేఱు పీట లేదు. నీలములోనే అది కూర్చుండినది. ఏడవదియైన చిత్రము నాకు మిక్కిలి నచ్చినది. పలురంగుల నూలుతో నేసిన బట్ట యున్నది. దాని రంగేమి? ఎఱుపా? కాదు. తెలుపా? కాదు. అన్నియు కలిసిన చిత్రరూపము వేఱొక రంగని తార్కికులు వాదించిరి. పుస్తకములలో ఇది శుష్కవాదముగా తోచవచ్చును. పశువుల కాపరికి కాదు. బొల్లియావు రంగు బొల్లియే. తెలుపును నలుపును కూడి యున్నదని అతడు విడదీసి చెప్పడు.

ఇతరులు తమ కల్పితభాషలలో ఏమి చేసిరో తెలిసికొనవలెనని యత్నించితిని. పోలెండులోని జామెన్‌హాఫ్ అను వైద్యుడు 1887లో వెల్లడించిన ఎస్పరాంటో భాషలో 'మల్' అను ఉపసర్గ చేర్చినచో మంచి చెడ్డయగును, పెద్ద చిన్నయగును. అయినను తెలుపునకు 'మల్' చేర్చి నలుపు చేయలేదు. నలుపునకు వేఱు మాట పెట్టెను. కిలికిలో నేను, నీవు తిరుగబడినట్లు తెలుపును తిరుగవేసి నలుపు చేయుదమని నేనును మొదట తలంచియుంటిని. ఇది తెలిసి మానితిని. చీకటి వెలుగునకు ఎదురు కావచ్చును గాని, నల్లరేగడి తెల్లచవుడునకు ఎదురు కాదు. రెండును రెండు నేలలు. 1985లో నిఘంటువు వెలువడిన క్లింగన్ అను సినిమా భాషను చేసిన ఓక్రాండ్‌గారు ఆకుపచ్చ, నీలము, పసుపు మూడింటికి ఒకే మాట నిచ్చిరి. అంతేకాక రంగుమాటలన్నియు ఆ భాషలో క్రియలు. ఇది వింతగా తోచినది గాని, మఱునాడు ప్రొద్దున లేచి 'తెల్లవాఱినది' అని నేనే యంటిని! తెల్లవాఱుట, ఎఱ్ఱబడుట, నల్లబడుట, మనకును రంగు క్రియయే గదా.

అన్నిటికంటె నన్ను ఆశ్చర్యపఱచినది 2009లో వచ్చిన అవతార్ చిత్రమునకు ఫ్రామర్ అను ఆచార్యుడు చేసిన నావీ భాష. ఆ కథలోని జనుల చర్మము నీలము. నీలమునకును ఆకుపచ్చకును వారికి 'ఎఆన్' అని యొకటే మాట. స్పష్టముగా చెప్పవలసినచో ఆకును చేర్చి ఆకు-ఎఆన్ అనియు, చర్మమును చేర్చి చర్మ-ఎఆన్ అనియు అందురు. మన ఆకుపచ్చ, పసుపుపచ్చ ఎట్లో అదియు నట్లే. తెలుగు రాని పండితుడు, లేని లోకమునకు, మన పల్లెటూరి పద్ధతిని కనిపెట్టినాడు. మా దుస్తుల పెద్దాయన చెప్పినదియు అదియే: వట్టి పచ్చ లేదు.

నా పాత కాగితమును చింపి మొదటినుండి ఆరంభించితిని. ఈసారి మాటల ముందు మనుష్యులను గుఱించి అడిగితిని. ఈ జాతివారు ఏమి తిందురు? తేనె, దుంపలు, వేటమాంసము. బట్టకు రంగు వేయుదురా? వేయరు. ఇది ముఖ్యము. నీలిమందు తెలిసినవారికి నీలము కావలెను. చిరివేరుతో ఎఱుపు, కరక్కాయపువ్వుతో పసుపు అద్దెడు మన మచిలీపట్నపు కలంకారి పనివారికి ఒక్కొక చాయకు ఒక్కొక పేరు లేనిచో దినము గడవదు. రంగును చేతితో చేయనివానికి, దానిని వస్తువు నుండి విడదీసి పిలువవలసిన పని తక్కువ.

కనుక నాలుగే మాటలు చేసితిని. 'ఇష': బూడిద, పాలు, మెఱుపు, ఉడికిన దుంప. 'గుమో': కాకి, లోతుమడుగు, రాత్రి, దూరపు కొండ. 'తక': నెత్తురు, ముగ్గిన పండు, ఎండిన ఆకు, చీమ. 'నెయ': చిగురు, పచ్చికాయ, పసిబిడ్డ, వాన తడిసిన నేల. చివరి రెండింటిని పంచినది ఫిలిప్పీను దీవులలోని హనునో జాతి. కాంక్లిన్ అను శాస్త్రజ్ఞుడు 1955లో వ్రాసిన ప్రకారము, వారి నాలుగు రంగులలో ఒకదానికి ఎఱుపుతో పాటు ఎండుతనము, వేఱొకదానికి ఆకుపచ్చతో పాటు తడి, లేతదనము అర్థములు. అప్పుడే నఱికిన వెదురు గోధుమవన్నెతో మెఱయుచున్నను తడిగా నున్నది గనుక వారు దానిని ఆ రెండవ మాటతోనే పిలుతురట. దూరదేశపు వింత యనుకొనకుడు. పచ్చికట్టె, పచ్చిపుండు, పచ్చిబాలెంత, పచ్చిపాలు, ఇవన్నియు మనవే. పాలు తెల్లనివై యుండియు పచ్చివి!

ఈ మార్పు అందఱకు నచ్చలేదు. కథలో పట్టణపు నాయకుడు అడవి దొరకు నీలపురాయి ఇచ్చును; దొర దాని రంగును మెచ్చుకొనవలెను. నీలమను మాటయే లేనిచో ఎట్లు మెచ్చుకొనుననిరి. కొంత తర్జనభర్జన జరిగినది. తుదకు దొర రాయిని వెలుగుకెత్తి చూచి, 'మడుగు గుమో' యని, ఒక క్షణమాగి, 'లోన ఇష' యనునట్లు వ్రాసితిమి. మడుగువలె చీకటి, లోపల వెలుగు. నీలమణిని గుఱించి ఇంతకంటె చెప్పవలసినదేమో నాకు తోచలేదు. నటుడు ఆ మాటలను రెండవ మాఱు పలుకునప్పటికే కాగితము చూచుట మానెను. పదునొకండు మాటల నాటి పాఠమును అతడు మూడు దినములు వల్లించియు మఱచిపోవుచుండెను.

దుస్తుల పెద్దాయనకు ఈ నాలుగు మాటలు వినిపించి, ఆయన యేమనునో యని వేచియుంటిని. "మా వెనకాల కట్టే ఆకుపచ్చ గుడ్డ ఏదవుతుంది?" అని యడిగెను. నెయ యంటిని. "అప్పుడప్పుడు నీలం గుడ్డ కడతాం. అది?" గుమో యంటిని. "నల్ల కోటు?" అదియు గుమోయే. ఆయన కొంతసేపు ఆలోచించి, "మీ దొరని నా పనిలో పెట్టుకోను పంతులుగారూ. రెండో రోజుకే ఇంకో పది మాటలు కావాలంటాడు" అనెను. పిమ్మట తన పెట్టె తెఱచి నాకు గుడ్డముక్కలు చూపెను: వంకాయరంగు, నెమలికంఠము, ఉల్లిపొర, చిలకపచ్చ, మామిడిపండు. ఆ పేర్లలో ఇంగ్లీషు పట్టికలోనిది ఒక్కటియు లేదు. ఆయన దగ్గఱ పనిచేయు కుఱ్ఱవారు మాత్రము అవే ముక్కలను ఇంగ్లీషు పేర్లతో, అంకెలతో పిలుచుచుండిరి.

ఆ బృందమువారు ఇప్పుడు రెండవ కథ ననుకొనుచున్నారు. అది పశువుల కాపరుల కథ. వారికిని ఒక భాష కావలెను. ఈ మాఱు నాలుగు రంగులు చాలవు. మందలో తప్పిపోయిన ఆవును చీకటిపడకముందే గుర్తు చెప్పి వెదకవలసినవానికి నాలుగు మాటలెట్లు చాలును? కఱ్ఱి, మైల, కపిల, పుల్ల, బొల్లి వఱకు నాకు తెలియును. సంతలలో ఎడ్లను బేరమాడిన మీకు ఇంకను చాల తెలిసియుండును. మీ ప్రాంతమున పశువు వన్నెకు, మచ్చకు, మొగముమీది చుక్కకు ఏమేమి పేర్లు చెల్లుచుండెనో, ఏ పేరు ఏ పశువునకు పెట్టుదురో, ఆకాశవాణివారి పేర ఒక కార్డు వ్రాసినచో అవి నాకు చేరును.